ఖరగ్‌పూర్ నేర్పిన వ్రాత

రచన అనగానే మనలో చాలమందికి కవులు, కథకులు జ్ఞప్తికి వస్తారు. అది కొందరికి పుట్టుకతో అబ్బే విద్య అనీ, తక్కినవారికి దానితో నిమిత్తం లేదనీ ఒక అభిప్రాయం మన సమాజంలో పాతుకుపోయి ఉన్నది. నిజానికి మన సంస్థ వంటి పారిశ్రామిక సంస్థలో పని చేసే ప్రతి వ్యక్తీ దినదినమూ రచయితే. షిఫ్టు ముగియగానే లాగ్‌బుక్కులో నాలుగు పంక్తులు వ్రాసే ఆపరేటరు, విడిభాగాలకు ఇండెంటు పెట్టే గుమాస్తా, యంత్రం ఎందుకు ఆగిపోయిందో నివేదిక సమర్పించే ఇంజనీరు, వీరందరూ వ్రాసినదాన్ని మరొకరు చదువుతారు. చదివి, దానిని నమ్మి ఏదో ఒక పని చేస్తారు. ఒక్కొక్కప్పుడు ప్రాణాలు కూడా ఆ నాలుగు పంక్తుల మీద ఆధారపడతాయి.

అటువంటి వ్రాత ఎట్లా అబ్బుతుంది? పదవీ విరమణకు చేరువైన ఈ దశలో ఈ ప్రశ్న వేసుకుంటే మా మనస్సు ఖరగ్‌పూరుకు వెళుతుంది. 1980ల ద్వితీయార్ధంలో ఆ ఊరి కళాశాల ఒకదానిలో మేము నేర్చిన రచనాభ్యాసమే ఈ ముప్ఫై ఏళ్ళకు పైబడిన ఉద్యోగ జీవితంలో మాకు పెట్టుబడి అయింది. ఆ అనుభవాన్ని పాఠక మిత్రులతో పంచుకోవడం, దాని నుండి మన అందరికీ పనికివచ్చే ఒకటి రెండు మాటలు చెప్పుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఖరగ్‌పూర్‌ను గూర్చి ముందుగా కొంత చెప్పవలసి ఉన్నది. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ పట్టణం రైలు కోసం పుట్టింది, రైలు వల్లనే పెరిగింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ పంతొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఇక్కడ కూడలి స్టేషనును నెలకొల్పింది. దాని వెంటనే బృహత్తరమైన వర్క్‌షాపు వెలసింది. 1900లో రూపనారాయణ నది మీదుగా హౌరాతో సంబంధం ఏర్పడింది. తూర్పు కోస్తా రైలుమార్గపు ఉత్తర భాగం 1902లో అదే సంస్థ చేతికి వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకూ ఖరగ్‌పూరుకూ మధ్య ఒకే గొడుగు క్రింద పట్టాలు పరచుకున్నాయి. వర్షాధారపు సేద్యంతో పూట గడవని కుటుంబాలు ఆ పట్టాల వెంటనే ఉత్తరానికి నడిచాయి. మా తాతగారి కుటుంబం వాటిలో ఒకటి. సంస్థ 1944లో ప్రభుత్వపరమైంది, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. పేర్లు మారినా తెలుగు కుటుంబాలు మాత్రం మథురాకాటి, నింపుర వంటి పేటలలో స్థిరపడిపోయాయి. మాతా పూజలు, సంక్రాంతి ముగ్గులు ఆ ఊరికి బెంగాలీల దుర్గాపూజ వలెనే స్వంతమైనాయి.

ఇంత మంది భాషల వారు ఒక్క చోట చేరడం వల్ల ఖరగ్‌పూరును మినీ ఇండియా అని పిలవడం అలవాటైంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గోల్‌బజారులో బెంగాలీ, కాగితాల మీద ఇంగ్లీషు. ఒకే వాక్యంలో నాలుగు భాషలూ దొర్లేవి. మాట్లాడడానికి ఇది ఎంత సుఖమో వ్రాయడానికి అంత చిక్కు. ఏ భాషలో ఆలోచించాలి, ఏ లిపిలో పెట్టాలి అన్న ప్రశ్న అక్కడి తెలుగు పిల్లవానికి పలక పట్టిన నాటి నుండే ఎదురవుతుంది.

మా తొలి రచనలు పోస్టుకార్డులు. తెలుగు అక్షరాలు వచ్చిన పిల్లలు తక్కువగా ఉన్న వరుస ఇళ్ళలో మాకు ఆ పని దానంతట అదే వచ్చి పడింది. ఇరుగుపొరుగు పిన్నమ్మలు, పెద్దమ్మలు పనులు ముగించుకొని అరుగు మీద కూర్చొని చెప్పేవారు, మేము వ్రాసేవారము. వారు అరగంట చెప్పినది కార్డులో ఇమడాలి. ఊరికి పంపే మనియార్డరు కూపను మీద చోటు ఇంకా తక్కువ. అందులో పంపిన సొమ్ము దేనికో, ఎంత భాగం అప్పుకో, ఎంత భాగం అమ్మమ్మ మందులకో స్పష్టంగా ఉండాలి. లేకుంటే అక్కడ అన్నదమ్ముల మధ్య తగవు. సంక్షిప్తత అనే మాట వినక మునుపే దాని అవసరం మాకు ఈ విధంగా తెలిసింది.

కళాశాలలో డిగ్రీ తరగతులకు ఇంగ్లీషు రచన ఒక తప్పనిసరి అంశం. లేఖ, సంగ్రహం, వ్యాసం, ఈ మూడూ అందులో భాగాలు. ఆ కాలంలో విద్యార్థులందరి చేతా బజారు గైడు పుస్తకాలే వ్రాయించేవి. వర్షాకాలం మీద వ్యాసం అడిగినా, జాతీయ సమైక్యత మీద అడిగినా ఆరంభ వాక్యమూ ముగింపు వాక్యమూ ముందుగానే సిద్ధంగా ఉండేవి. మాకు ఆ అంశం బోధించిన బెంగాలీ అధ్యాపకులు మొదటి నెల ఏమీ అనలేదు. రెండవ నెలలో ఒకనాడు తరగతి మొత్తాన్ని స్టేషనుకు పంపారు. గంటసేపు ఒక చోట నిలబడి, ఇదివరకు ఏ పుస్తకంలోనూ చదవని పది సంగతులు వ్రాసుకొని రమ్మన్నారు.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయినా, మా చదువు నాటికి ప్రపంచంలో అంతకంటె పొడవైనది లేదని మాకు ఒక గర్వం ఉండేది. తరగతిలో అందరూ ఆ అంకెనే మొదట వ్రాశారు. అధ్యాపకులు చిరునవ్వు నవ్వి, "ఇది టైంటేబులు కూడా చెబుతుంది. ఆ పొడవు వల్ల మనిషికి ఏమవుతుందో చెప్పండి" అన్నారు. మా కాగితంలో ఒక చోట, తప్పు కొసన దిగిన ముసలి దంపతులు బండి మారడానికి ఆ కొస నుండి ఈ కొసకు నడుస్తూ మూడు చోట్ల మూట దించి కూర్చున్నారని ఉన్నది. ఆయన ఆ వాక్యం క్రింద ఎర్రసిరాతో ఒక గీత గీశారు. 1072.5 మీటర్లంటే మూడు చోట్ల మూట దించడం అన్నమాట. అంకె చెప్పవలసినదే, ఆ అంకెను మోసేవారు ఎవరో కూడా చెప్పవలసి ఉంటుందని ఆ ఎర్రగీత మాకు బోధించింది.

మరొకసారి ఆయన హిజ్లీని గూర్చి వ్రాయమన్నారు. నేటి ఐఐటి 1951లో ప్రారంభమైనది హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలోనే. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద కావలి సిబ్బంది కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అనే ఇద్దరు మరణించారు. ఆ మృతదేహాలను తీసుకొని వెళ్ళడానికి సుభాష్ చంద్ర బోస్ వచ్చారు. రవీంద్రనాథ ఠాగూర్ కలకత్తాలో నిరసన తెలిపారు. ఈ సంగతిని నూరు మాటలలో వ్రాయాలి, ఒక్క విశేషణం కూడా వాడరాదు అన్నది నియమం. ఘోరమైన, దారుణమైన, అమానుషమైన వంటి మాటలు తీసివేస్తే వ్యాసంలో ఏమి మిగులుతుందని మొదట అనుమానం కలిగింది. వ్రాసి చూస్తే తేదీ మిగిలింది, స్థలం మిగిలింది, ఇద్దరి పేర్లు మిగిలాయి, వారి చేతులలో ఆయుధాలు లేవన్న సత్యం మిగిలింది. తరగతిలో చదువుతుంటే గది నిశ్శబ్దమైపోయింది. జరిగినదాన్ని జరిగినట్లు వరుసలో పెడితే పాఠకుడు తీర్పు తానే చెప్పుకుంటాడు. ఆ తరువాత ఏ ప్రమాద నివేదిక వ్రాసినా మాకు ఆ నూరు మాటలే ప్రమాణం.

ఆ సంవత్సరాంతాన ఇచ్చిన విషయం, మీ ఇంటి పెద్దలు చేసే పని. మా తండ్రిగారు వర్క్‌షాపులో చక్రాల విభాగంలో పనిచేసేవారు. నాలుగు రాత్రులు ఆయన భోజనం చేసిన తరువాత ప్రక్కన కూర్చొని అడిగి తెలుసుకున్నాము. ఇంజను చక్రానికి నడిమి భాగం వేరు, దాని చుట్టూ పట్టా మీద దొర్లే ఉక్కు టైరు వేరు. టైరు లోపలి కొలత చక్రం కొలత కంటె సుమారు వెయ్యింట ఒక వంతు చిన్నదిగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది ఎక్కదు. చుట్టూ మంటలు పెట్టి సమంగా కాలిస్తే వ్యాకోచించి చక్రం మీదికి దిగుతుంది. చల్లారుతూ సంకోచించి బిగిసిపోతుంది. తరువాత చిన్న సుత్తితో కొట్టి వింటారు. బిగిసినది గంట వలె మ్రోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఇదంతా చెప్పి ఆయన, "మనూళ్ళో కమ్మరోడు బండి సక్రానికి పట్టా ఎక్కిస్తాడు సూడు, అదేరా ఇది. అక్కడ పిడకల మంట, ఇక్కడ నూని మంట" అన్నారు.

ఈ మాటను ఇంగ్లీషులో పెట్టడానికి రెండు దినాలు ప్రయత్నించాము. అర్థం వస్తున్నది కాని ఆ గొంతు రావడం లేదు. చివరకు మొత్తం వ్యాసాన్ని ముందు తెలుగులో, మా తండ్రిగారు చెప్పిన వరుసలోనే వ్రాసుకొని, దానిని బట్టి ఇంగ్లీషు ప్రతి తయారు చేశాము. రెండూ కలిపి అధ్యాపకులకు ఇచ్చాము. ఆయనకు తెలుగు లిపి రాదు. బిగ్గరగా చదవమని, ఒక్కొక్క వాక్యానికి అర్థం అడుగుతూ అరగంట విన్నారు. విని, "మీ ఇంగ్లీషు బాగుపడింది, ఎందుకంటే మీకు మొదటిసారిగా చెప్పవలసినది ఒకటి దొరికింది. అది ఏ భాషలో దొరికిందో ఆ భాషను వదలకండి" అన్నారు.

ఆ సందర్భంలోనే ఆయన తమ భాష చరిత్ర చెప్పారు. ప్రమథ చౌధురి 1914లో సబుజ్ పత్ర అనే పత్రికను ప్రారంభించి, గ్రాంథికమైన సాధుభాషకు బదులుగా వాడుక బెంగాలీ సాహిత్యంలో నిలబడడానికి బాట వేశారు. ఈ సంగతి విన్నాక మేము మన చరిత్ర తిరగవేస్తే ఆశ్చర్యం వేసింది. అదే 1914లో మన గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి తమ అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ వివాదం దేనిమీద? విద్యార్థులు తెలుగు వ్యాసరచనలో ఏ భాష వాడవచ్చునన్న ప్రశ్న మీదనే! జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక పక్షాన నిలిచారు. గిడుగు రామమూర్తిగారు, గురజాడవారు వాడుక భాషను సమర్థించారు. గురజాడవారు 1915లో కన్నుమూశారు; గిడుగువారు 1940లో పోయేదాకా ఆ వాదాన్ని విడువలేదు. వీరిలో ఒకరిది విజయనగరం, మరొకరిది శ్రీకాకుళం ప్రాంతం. అంటే మా తాతలు ఏ నేల నుండి రైలెక్కారో ఆ నేల మీదనే, వారు రైలెక్కుతున్న ఆ సంవత్సరాలలోనే, వారి బిడ్డలు ఏ భాషలో వ్రాయవచ్చునన్న చర్చ జరిగింది. కాలేజీలో వ్యాసరచన అంటే మార్కుల వ్యవహారం మాత్రమే కాదనీ, దాని వెనుక ఒక జాతి తన నోటిని తాను నమ్ముకున్న చరిత్ర ఉన్నదనీ అప్పుడు మాకు బోధపడింది.

తెలుగు ప్రతిని ఇంట్లో చదివి వినిపించాము. మా తండ్రిగారు కళ్ళు మూసుకొని ఆసాంతం విన్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చివర ఆయన ఒక్క మాట అన్నారు. "సక్రం కత బాగానే సెప్పినావు. మరా సక్రం పక్కన నిలబడినోడు ఏటైపోనాడురా?" ఆ మరునాడు మరికొన్ని పంక్తులు చేరాయి. మంటల వేడికి బొబ్బలెక్కిన ముంజేతులు, ఎండాకాలంలో షెడ్డు కప్పు క్రింద రెండింతలయ్యే దాహం, కాలిన టైరును ఎత్తేటప్పుడు నలుగురు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకొని ఏకకాలంలో కదిలే తీరు వ్యాసంలోకి వచ్చాయి. తరగతి ఆ వ్యాసానికి ఇచ్చిన మార్కులు మాకు ఇప్పుడు గుర్తు లేవు. మా తండ్రిగారు ఆ కాగితాలను పెట్టెలో తమ సర్వీసు కాగితాల ప్రక్కన దాచుకున్నారన్నది మాత్రం గుర్తున్నది.

ఈ విద్య ఉద్యోగంలో ఎట్లా పనికివచ్చిందో ఇక మనవి చేస్తాము. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక అగ్నికి ఆహుతి అయి 167 మంది మరణించారు. అక్కడ పగటి షిఫ్టులో ఒక పంపుకు సంబంధించిన భద్రతా వాల్వును మరమ్మతుకై తొలగించారు. ఆ సంగతి రాత్రి షిఫ్టువారికి చేరలేదు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటి దానిని నడపబోయారు. 1990లో వెలువడిన లార్డ్ కలెన్ విచారణ నివేదిక పని అనుమతి పత్రాలలోని, షిఫ్టు అప్పగింతలోని లోపాలను ఎత్తిచూపింది. యంత్రాలు తెలిసినవారు అక్కడ కొదువలేదు. తెలిసిన సంగతి ఒక షిఫ్టు నుండి మరొక షిఫ్టుకు అందలేదు.

మన లాగ్‌బుక్కులలో "పంపు పని జరుగుచున్నది" అన్న వాక్యం మనకు సుపరిచితం. ఇందులో ఏ పంపు, ఏ పని, ఎవరు చేస్తున్నారు, ఇప్పుడు నడపవచ్చునా కూడదా అన్నవి లేవు. దీనికి బదులు, "రెండవ నంబరు పంపు రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ఆపాము. సక్షన్ వాల్వు మూసి తాళం వేశాము. తాళపుచెవి షిఫ్టు ఇన్‌చార్జి వద్ద ఉన్నది. గ్లాండు ప్యాకింగు మార్చేవరకు నడపరాదు" అని వ్రాస్తే అదనంగా పట్టే సమయం ఒక్క నిమిషం. కొత్తగా చేరిన ట్రెయినీలకు మేము మూడు ప్రశ్నలు చెబుతూ వచ్చాము. వ్రాసింది నీవు చూసినదా, విన్నదా? దీనిని చదివేవాడు ఇక్కడ లేనివాడని జ్ఞప్తి ఉన్నదా? యంత్రం ప్రక్కన నిలబడిన మనిషి ఈ వాక్యంలో ఉన్నాడా? మొదటి రెండూ మా అధ్యాపకులవి. మూడవది మా తండ్రిగారిది. వ్రాసిన తరువాత ఒకసారి బిగ్గరగా చదువుకోమని కూడా చెబుతాము. బిగిసిన వాక్యానికీ వదులైన వాక్యానికీ భేదం చెవికే ముందు తెలుస్తుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషలలో చేర్చడానికి ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అందులో ముఖ్యమైన ప్రేరణ. ఆ వార్త విన్ననాడు మేము ఆనందించాము. కాని ప్రభుత్వం భాషకు గుర్తింపు ఇవ్వగలదు. ఆ భాషలో వ్రాయవలసినవారు మనుషులే. ఆ పేటలలో నేడు తెలుగు చక్కగా మాట్లాడే పిల్లలలో తెలుగు అక్షరం కూడబలుక్కొని చదివేవారు అనేకులు. ఫోనులో రోమను లిపిలో నాలుగు ముక్కలు పంపుకోవడంతో సరిపెట్టుకుంటున్నారు. వారి తాతలు ఆవిరి ఇంజన్లను విప్పి కూర్చిన తరం. ఆ ఇంజన్లు పోయాయి. ఆ నేర్పు చేతులలో ఉన్నవారూ ఒక్కరొక్కరుగా వెళ్ళిపోతున్నారు. ఏ రైల్వే రికార్డులోనూ చక్రం ఎన్ని అంగుళాలో ఉంటుంది గాని, పిడకల మంటకూ నూనె మంటకూ ఉన్న చుట్టరికం ఉండదు. అది వారి మాటలోనే ఉన్నది. ఆ మాట వ్రాతలోకి రాకపోతే ఆ పని జరిగినట్లు కూడా ముందు తరాలకు తెలియదు.

మన సంస్థ పరిస్థితి అంతకంటె భిన్నమైనది కాదు. ఏటేటా పదవీ విరమణ సభలలో శాలువలు కప్పుతున్నాము, మంచి మాటలు చెప్పుకుంటున్నాము. ముప్ఫై ఏళ్ళు ఒక యంత్రంతో కాపురం చేసిన మనిషి దాని స్వభావాన్ని గూర్చి తెలుసుకున్నదంతా శాలువతో పాటు ఇంటికి వెళ్ళిపోతున్నది. మాన్యువల్‌లో లేని చిన్న చిన్న కిటుకులు, ఏ శబ్దం దేనికి సూచనో చెప్పే చెవి, మొదటి రోజులలో పని నేర్పిన పెద్దల పేర్లు, ఇవన్నీ మన ఉమ్మడి ఆస్తి. కనుక ఉద్యోగ మిత్రులకు మా విన్నపం ఇది: విరమణకు సంవత్సరం ముందుగానైనా ప్రతివారూ తమ పనిని గూర్చి ఒక పది పుటలు తమ సహజమైన భాషలో వ్రాసి విభాగంలో ఉంచాలి. వ్రాయలేమని సంకోచించేవారు చెబితే, ప్రక్కన కూర్చొని వ్రాసిపెట్టడానికి యువ మిత్రులు ముందుకు రావాలి. పోస్టుకార్డులు వ్రాసిపెట్టిన అలవాటు మాకు ఇంకా పోలేదు. మొదటి మూడు నెలలు ఆ పనికి మేము సిద్ధంగా ఉన్నాము. మధ్యాహ్న భోజన విరామంలో ఎవరు వచ్చినా సంతోషం.